చేప కంటే ముందు రాయి



మా పాఠశాల వరండాలో, సైన్సు గది గుమ్మం పక్కన, మూడడుగుల పొడవున్న గాజు తొట్టి ఒకటి ఉంది. అందులో వంద లీటర్ల ఉప్పునీళ్ళు, నీటిని తిప్పుతూ ఉండే చిన్న పంపు, మధ్యలో గుట్టగా పేర్చిన తెల్లటి రాళ్ళు. అంతే. నలభై రోజుల పాటు ఆ తొట్టి అలాగే ఉంది. ఆ దారిన పోయిన ప్రతివారూ ఆగి, లోపలికి తొంగి చూసి, "ఇందులో చేపలేవండీ?" అని అడిగారు. మధ్యాహ్న భోజనం వండే అమ్మ అడిగింది. తనిఖీకి వచ్చిన అధికారి అడిగారు. మా లెక్కల మాస్టారైతే రోజూ ఉదయం "మీ రాళ్ళ పెంపకం ఎంతవరకూ వచ్చింది?" అని పలకరించేవారు.

ఆ రాళ్ళ పెంపకాన్ని గురించే మీతో మాట్లాడాలని ఇది రాస్తున్నాను. సముద్రపు చేపల తొట్టి పెట్టదలచిన ఏ పాఠశాల అయినా మొదటి నెలా పదిరోజులూ అందులో ఒక్క చేపను కూడా వెయ్యకూడదని నా అభిప్రాయం. వేస్తే చేపలు చస్తాయి, అది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. మీ పుస్తకంలో బాణం గుర్తులతో గీసిన నత్రజని వలయం ఆ నలభై రోజుల్లో మీ కళ్ళముందు, మీ తొట్టిలో, అంచెలంచెలుగా నిర్మాణమవుతుంది. ఒకసారి నిర్మాణమయ్యాక ఆ అంచెలు మళ్ళీ విడివిడిగా కనబడవు.

ఈ మాట నేను పుస్తకాలు చదివి తెలుసుకున్నది కాదు. పన్నెండేళ్ళ క్రితం, అప్పుడు పనిచేస్తున్న పాఠశాలలో, వైజ్ఞానిక ప్రదర్శన కోసం మొదటిసారి ఇలాంటి తొట్టి పెట్టాను. ప్రదర్శన వారం రోజులుందనగా క్యాన్లతో సముద్రపు నీళ్ళు తెప్పించాం. రాళ్ళు శుభ్రంగా కడిగి పేర్చాం. మర్నాడే అయిదు చేపలను వేశాం. రంగురంగుల చేపలు, పిల్లలు తొట్టి దగ్గరనుంచి కదలలేదు. నాలుగో రోజున చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరవసాగాయి. ఆరో రోజు ఉదయం నేను గది తలుపు తీసేసరికి అయిదూ అడుగున పడి ఉన్నాయి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది ఆ నీళ్ళు. అవి అద్దంలా తేటగా ఉన్నాయి. ఒక కుర్రవాడు "నీళ్ళు బాగానే ఉన్నాయి కదండీ, మరి చేపలెందుకు చచ్చిపోయాయి?" అన్నాడు. నేను వేడి అన్నాను, గాలి చాలలేదన్నాను, ఏదేదో చెప్పాను. వెనక నిలబడ్డ తొమ్మిదో తరగతి అమ్మాయి మెల్లగా "మాస్టారూ, అమ్మోనియా చూశారా అండీ?" అని అడిగింది. వాళ్ళ నాన్నకు రొయ్యల చెరువు ఉంది. మేత ఎక్కువైనప్పుడు, చెరువు అడుగు చెడినప్పుడు ఆయన సీసాతో నీళ్ళు పట్టుకొని ల్యాబ్‌కు పరుగెత్తడం ఆ పిల్ల చిన్నప్పటినుంచీ చూసింది. నేనేమో అప్పటికి ఇరవై ఏళ్ళుగా నల్లబల్ల మీద నత్రజని వలయం గీస్తున్నాను. ఆ వలయంలో సగం లేని తొట్టిలోకి చేపలను దించానన్న సంగతి నాకు తట్టలేదు.

అసలేం జరుగుతుందో చూద్దాం. చేప తిన్న మాంసకృత్తుల్లోని నత్రజని చాలావరకు అమ్మోనియాగా మారి మొప్పల ద్వారా నీటిలోకి వస్తుంది. తినకుండా మిగిలిన మేత కుళ్ళినా అమ్మోనియాయే వస్తుంది. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం అయాన్. దానివల్ల చేపకు పెద్ద ప్రమాదం లేదు. రెండోది అమ్మోనియా అణువు. అది మొప్పల్లోంచి సులువుగా లోపలికి దూరే విషం. ఏ రూపం ఎంత ఉంటుందన్నది నీటి పి.హెచ్. మీద ఆధారపడుతుంది. పి.హెచ్. 7 ఉన్న మంచినీటిలో విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. సముద్రపు నీటి పి.హెచ్. 8.2 దాపున ఉంటుంది. అక్కడ ఆ విషరూపం పది రెట్లకు పైగా పెరుగుతుంది. కాబట్టి మంచినీటి తొట్టిలో ఎలాగో తట్టుకొనే పొరపాటును ఉప్పునీటి తొట్టి క్షమించదు.

సముద్రంలో ఈ అమ్మోనియా పేరుకోదు. దాన్ని ఆహారంగా వాడుకొనే సూక్ష్మజీవులు అక్కడ సిద్ధంగా ఉంటాయి. ఒక జాతి అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. మరొక జాతి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేటు కొద్దిపాళ్ళలో ఉంటే చేపకు ఇబ్బంది లేదు. కొత్త తొట్టిలో ఈ రెండు జాతులూ చాలినంత ఉండవు, అంతే సంగతి.

ఇదంతా ఎలా తెలిసిందో మీకు తప్పక చెప్పాలి, ఎందుకంటే ఆ ప్రయోగం మన తొట్టికి సాక్షాత్తూ తాతగారు. 1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు గాజు గొట్టం నిండా ఇసుక, సున్నపురాయి పొడి కలిపి నింపారు. పైనుంచి మురుగునీటిని నెమ్మదిగా వదిలారు. దాదాపు 20 రోజులపాటు పైనుంచి పోసిన అమ్మోనియా కిందినుంచి అలాగే బయటికి వచ్చింది. ఆ తర్వాత అమ్మోనియా తగ్గి నైట్రేటు రాసాగింది. ఇది మామూలు రసాయన చర్య అయితే మొదటిరోజే మొదలుకావాలి కదా! గొట్టంలోకి క్లోరోఫారం ఆవిరి పంపారు. చర్య ఆగిపోయింది. తర్వాత తోటమట్టి కడిగిన నీళ్ళు పోశారు. కొన్నాళ్ళకు మళ్ళీ మొదలైంది. ఆ ఇసుకలో ఏదో ప్రాణి ఉందని అలా తేలింది. రష్యన్ శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890లో జ్యూరిచ్‌లో పనిచేస్తూ ఆ సూక్ష్మజీవులను వేరుచేశాడు. ఈ పనిని రెండు వేరువేరు జాతులు చెరొక సగం చేస్తాయని చూపాడు. ఎండ అవసరం లేకుండా, అమ్మోనియాను మండించిన శక్తితోనే అవి తమ ఆహారం తయారుచేసుకుంటాయి.

"అంతా కనిపెట్టేశారు, ఇంక మాకేం మిగిలింది?" అని నిట్టూర్చే విద్యార్థులు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్ళకోసం ఇంకొక్క సంగతి. అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చేది బాక్టీరియా మాత్రమేనని వందేళ్ళకు పైగా అనుకున్నారు. 2005లో, బాక్టీరియా కాని ఆర్కియా అనే వర్గానికి చెందిన ఒక జీవి కూడా ఆ పని చేస్తుందని తేలింది. ఆ జీవి ఎక్కడ దొరికిందో తెలుసా? అమెరికాలో సియాటిల్ నగరపు అక్వేరియంలో, ఉష్ణమండలపు చేపల తొట్టి అడుగునున్న గులకరాళ్ళలో! దాని బంధువులు సముద్రాల్లో అపారంగా ఉన్నాయని ఇప్పుడు మనకు తెలుసు. రోజూ జనం ముందు నిలబడి చేపలను చూసిపోయే తొట్టి అది.

ఇప్పుడు ఆలస్యం సంగతి. గోరువెచ్చని పాలలో తోడు వేస్తే తెల్లవారేసరికి పెరుగవుతుంది. పెరుగు తోడుపెట్టే బాక్టీరియా గంటలోపే రెట్టింపు కాగలదు. మన అమ్మోనియా జీవులకు ఒక్కసారి రెట్టింపు కావడానికి అనుకూలమైన పరిస్థితుల్లోనే ఒక పూట నుంచి ఒక రోజు పట్టవచ్చు. పైగా అవి నీటిలో తేలుతూ బతకడం తక్కువ. గట్టి ఆధారానికి అతుక్కొని పొరగా పెరుగుతాయి. రాయి అవసరం అక్కడే వస్తుంది. 10 సెంటీమీటర్ల ఘనానికి ఉపరితలం 600 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 1 సెంటీమీటరు ఘనాలుగా కోస్తే 6,000 అవుతుంది. బరువు మారలేదు, చోటు పదిరెట్లయింది. గుల్లబారిన రాయి లోపలి రంధ్రాలన్నీ అలా కలిసివచ్చే చోటే. ఇంకొక విశేషం, రాయి లోతుల్లోకి ఆక్సిజన్ సరిగా చేరదు. అక్కడ వేరే బాక్టీరియా నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తుంది. మీ పుస్తకంలోని వినత్రీకరణం అదే. ఒకే రాయి పైపొరలో ఒక పాఠం, లోపల ఇంకొక పాఠం!

అయితే ఏ రాయి? ఇక్కడ నాకు కొంచెం పట్టుదల ఉంది, చెప్పనివ్వండి.

1960ల తొలినాళ్ళలో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ అనే ఆయన, సముద్రంలోంచి జీవాలతో సహా తీసిన రాళ్ళను తొట్టిలో పెట్టి, గాలి బుడగలు తప్ప వేరే వడపోత లేకుండా చేపలను పెంచి చూపాడు. ఆ పద్ధతి తర్వాత ప్రపంచమంతా పాకింది. వాళ్ళు దాన్ని సజీవ శిల అంటారు. చూడటానికి గొప్పగా ఉంటుంది, కాదనను. కానీ అది పగడపు దిబ్బలోని ముక్క. మన దేశంలో 2001లో రాతి పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. మన్నారు సింధుశాఖలో దశాబ్దాల పాటు సున్నం కోసమూ కట్టడాల కోసమూ పగడపు రాయి తవ్వారు. అక్కడి 21 చిన్న దీవుల్లో రెండు నీటిలో మునిగిపోయాయి. అలలను విరిచే దిబ్బ పోతే దీవి నిలవదు. ఒక తొట్టిలో పెట్టే నాలుగు రాళ్ళకు దీవి మునగదు, నిజమే. కానీ తవ్వినవాళ్ళలో ప్రతివాడూ తనవి నాలుగు రాళ్ళేగా అనుకొని ఉంటాడు.

కాబట్టి మేం రాయిని తయారుచేసుకున్నాం. ఒక పాలు తెల్ల సిమెంటు, రెండు పాళ్ళు కోళ్ళ మేతకు అమ్మే గుల్లల నూక, రెండు పాళ్ళు రాళ్ళ ఉప్పు. కొద్దిగా నీళ్ళతో ముద్దగా కలిపి, తడి ఇసుకలో గుంటలు చేసి పోతపోశాం. చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి, తడి సిమెంటు చర్మాన్ని తినేస్తుంది. ముద్ద గట్టిపడ్డాక నీటిలో వేస్తే ఉప్పు కరిగిపోయి, అది ఉన్నచోటల్లా రంధ్రం మిగులుతుంది. ఇసుకలో వేళ్ళు గుచ్చి సొరంగాలు చేసిన పిల్లలకు మంచి రాళ్ళు వచ్చాయి. బోర్లించిన ఇడ్లీలా నున్నగా చేసినవాళ్ళవి పనికి రాలేదు.

రాయి గట్టిపడింది కదా అని వెంటనే తొట్టిలో పెట్టకూడదు. సిమెంటులోంచి కాల్షియం హైడ్రాక్సైడు ఊరుతూనే ఉంటుంది. మొదటివారం ఆ నీటిలో ఫినాల్ఫ్తలీన్ చుక్క వేస్తే ముదురు గులాబీ రంగు వచ్చింది. రెండు మూడు రోజులకోసారి నీళ్ళు పారబోసి కొత్తవి పోశాం. ఇలా దాదాపు ఎనిమిది వారాలు! జూన్ చివర పోసిన రాళ్ళు ఆగస్టు చివరికి గాని రంగు ఇవ్వడం మానలేదు. ఎవరిదైనా పాత తొట్టిలోని ఎండిన రాళ్ళు దొరికితే ఈ శ్రమ తప్పుతుంది. వాటిమీద ఎండిపోయిన జీవుల కళేబరాలుంటాయి గనుక బ్రష్షుతో తోమి, నీళ్ళు మారుస్తూ, కుళ్ళు వాసన పోయేదాకా నానబెట్టాలి.

నీటి సంగతి క్లుప్తంగా చెబుతాను. లీటరుకు 35 గ్రాముల ఉప్పులుండాలి, సాపేక్ష సాంద్రత 1.025. వానాకాలంలో మన తీరపు నీటిలో నదుల నీళ్ళు కలిసి ఉప్పదనం పడిపోతుంది కాబట్టి ఈసారి అక్వేరియం ఉప్పు కొని కలిపాం. వంటుప్పు చాలదు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం కూడా కావాలి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. అది మన సూక్ష్మజీవులనే చంపుతుంది. చిటికెడు హైపోతో దాన్ని తొలగించవచ్చు.

ఇక అసలు పని. రాళ్ళు పేర్చి, పంపు నడిపి, తోడుగా నడుస్తున్న తొట్టిలోంచి తెచ్చిన గుప్పెడు ఇసుక వేశాం. ఎవరో నెలల తరబడి పెంచిన ఆ గుప్పెడు ఇసుక మాకు అన్నిటికంటే విలువైన వస్తువు. సూక్ష్మజీవులకు ఆహారం కావాలి, అంటే అమ్మోనియా. కొందరు పచ్చిరొయ్య ముక్క వేసి కుళ్ళనిస్తారు. పనిచేస్తుంది గానీ వరండాలో నిలబడలేం, ఎంత వేశామో లెక్కా ఉండదు. మేం అమ్మోనియం క్లోరైడు వాడాం. కళాయి వేసేవాళ్ళు వాడే నవాసారం అదే, కాకపోతే ప్రయోగశాలకు వచ్చే శుద్ధమైనది తీసుకోవాలి. వంద లీటర్లకు 0.6 గ్రాము వేస్తే లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా వస్తుంది. ఎలా వస్తుందో అణుభారాలతో మీరే లెక్కకట్టి చూడండి, పదో తరగతివాళ్ళు చెయ్యగలరు.

పరీక్ష కిట్లు చేపల మందుల దుకాణాల్లో దొరుకుతాయి. మాకు మాత్రం అవి, ఒకనాడు నన్ను అమ్మోనియా గురించి అడిగిన ఆ అమ్మాయి పంపింది. ఇప్పుడామె రొయ్యరైతులకు నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగి. బీరువాలో పాత నెస్లర్ ద్రావణం ఉందని ఎవరైనా తీస్తే మాత్రం వద్దనండి. దానిలో పాదరసం ఉంది.

మొదటి పదిరోజులు అమ్మోనియా గొట్టం రంగు మారనే లేదు. పుస్తకంలో రోజూ అదే అంకె. "ఇది పాడైందండీ" అని ఇద్దరు మానుకున్నారు. పదకొండో రోజు రంగు కొంచెం పలచబడింది. అదేరోజు నైట్రైట్ గొట్టంలో తొలిసారి లేత ఊదా కనబడింది. వారంలో అమ్మోనియా పూర్తిగా దిగింది, నైట్రైట్ గొట్టం ముదురు రంగుకెక్కి అక్కడే కూర్చుంది. రెండో జాతి ఆలస్యంగా వస్తుంది, దానికి ఆహారం మొదటి జాతి తయారుచేసి పెట్టాలి మరి! రాళ్ళ మీద గోధుమరంగు పొర పట్టింది. తోమేస్తామని పిల్లలు బ్రష్షులు తెచ్చారు. వద్దన్నాను. అవి డయాటంలు. కొత్త తొట్టిలో మొదట వచ్చి, సిలికా అయిపోయాక చాలావరకు తగ్గిపోతాయి. సూక్ష్మదర్శిని కింద ఆ పొర చూసినరోజు లెక్కల మాస్టారు కూడా వరసలో నిలబడ్డారు. దసరా సెలవుల్లో ముగ్గురు పిల్లలు వంతులేసుకొని వచ్చి పరీక్షలు చేశారు.

కొందరు దుకాణదారులు వేరే సలహా ఇస్తారు. "చవకరకం గట్టి చేపలు నాలుగు వెయ్యండి, వాటి అమ్మోనియాతోనే తొట్టి తయారవుతుంది, అవి చచ్చినా పోయేదేం లేదు" అని. పద్ధతిగా చూస్తే అది పనిచేస్తుంది. కొన్ని చేపలు నిజంగానే బతుకుతాయి, కాలిన మొప్పలతో. కానీ రసాయనం సీసాలోంచి వచ్చే పనికి ప్రాణిని ఎందుకు వాడాలి? చవకైన చేప అన్నమాట దుకాణానికి సంబంధించినది, జీవశాస్త్రంలో అలాంటి జాతి లేదు. సీసాల్లో అమ్మే బాక్టీరియా సంగతంటారా, మంచివి కొన్ని రోజులు కలిసివచ్చేలా చేస్తాయి. ఏది మంచిదో చెప్పేది మాత్రం సీసామీది కాగితం కాదు, మీ పరీక్ష గొట్టమే.

తోటి ఉపాధ్యాయులు చెప్పే ఇంకొక అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పిల్లలు రంగుల చేపలను చూసి సైన్సు వైపు వస్తారు, రాళ్ళగుట్టను చూసి ఎవరు వస్తారు అంటారు వాళ్ళు. మా తొట్టి దగ్గర మొదటిరోజు నలభైమంది, మూడోవారానికి ఏడుగురు ఉన్న మాట నిజమే. కానీ పన్నెండేళ్ళ క్రితం ఆరోరోజు ఉదయం తొట్టి దగ్గర నిలబడ్డ పిల్లల మొహాలు కూడా నాకు జ్ఞాపకం ఉన్నాయి. ప్రదర్శన తేదీకి తగ్గట్టు జీవులను పరుగెత్తించే అలవాటు మనం మానుకోవాలి. తీర్పరులు కూడా చేపలు లేని తొట్టి ముందు ఆగి, ఆ పిల్లల చేతిలోని పుస్తకం అడిగి చూడాలి.

ముప్పైయెనిమిదో రోజున మళ్ళీ 0.6 గ్రాము వేశాం. ఇరవైనాలుగు గంటలు గడిచాక పరీక్షిస్తే అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. మర్నాడు మళ్ళీ వేశాం, మళ్ళీ సున్నా. అప్పుడు పేరుకున్న నైట్రేట్ తగ్గడానికి సగం నీళ్ళు మార్చాం. చేపలను కూడా దిబ్బల్లో పట్టినవి కాకుండా హేచరీలో పుట్టినవే కావాలని పట్టుబట్టాం. విదూషక చేపలను పెంపకంలో పొదిగించే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు మండపం, విళింజం కేంద్రాల్లో ఎప్పుడో సాధించారు. తెచ్చింది రెండంటే రెండు చిన్న చేపలు. ఒకేసారి ఎక్కువ వేస్తే ఉన్న బాక్టీరియా ఆ బరువు మోయలేదు, మళ్ళీ మొదటికి వస్తాం.

అవి వచ్చి మూడువారాలైంది. ఇప్పుడు విరామం గంట కొట్టగానే తొట్టి చుట్టూ గుంపు. రాళ్ళమీద అక్కడక్కడ పచ్చదనం వస్తోంది. ఆరో తరగతి పిల్లవాడొకడు నిన్న మేత డబ్బా పట్టుకొని "ఇంకొంచెం వెయ్యమంటారా అండీ, ఆకలిగా చూస్తున్నాయి" అన్నాడు. పక్కనే నైట్రైట్ పుస్తకం రాసే అమ్మాయి డబ్బా లాక్కొని మూత పెట్టేసింది.